మూడు గళ్ళ కాగితం

పొద్దుటి నుంచి ఆఫీసంతా కొత్త చెక్క వాసన. పాత ఫైళ్ళు నేల మీద పడి చెదలు పడుతున్నాయని నేను రాసి రాసి విసిగిపోగా, చివరికి నిన్న సాయంత్రం ఒక టేకు బీరువా వచ్చింది. దాని అరల మూలల్లో ఇంకా సన్నటి రంపపు పొట్టు మిగిలి ఉంది. ఫ్యాను వేసినప్పుడల్లా అది లేచి నా బల్ల మీదా, చాయ్ గ్లాసులోనూ పడుతోంది. వాసన బాగుందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం కుర్చీలో నిలకడగా కూర్చోవడం చేతకావడం లేదు. ఇప్పటికి నాలుగుసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. బల్ల మీద ఒక నోట్ ఉంది. సాయంత్రంలోగా సంతకం పెట్టి పైకి పంపాలి. అందులో రెండో పేజీలో సరోజన మేడం పేరు ఉంది. ఆ పేరు పక్కనే ‘నిర్లక్ష్యం’ అనే మాట ఉంది. ఆ మాట తప్పని తెలిసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కడినే.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య పెరుగుతున్న ఒక చిన్న పట్టణంలో మా ఆఫీసు. ఊరి పేరు చెప్పను, చెబితే అక్కడి ఒక గల్లీ వాళ్ళు నన్ను గుర్తుపట్టి మళ్ళీ నవ్వుతారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు సరోజన మేడం అక్కడ పట్టణ ప్రణాళిక అధికారి. ఏ వీధిలో ఇళ్ళు ఉండాలి, ఎక్కడ దుకాణాలు పెట్టుకోవచ్చు, ఎక్కడ మిషన్లు నడపవచ్చు అన్నది పటం మీద రంగులు వేసి తేల్చే పని మాది. పసుపు అంటే ఇళ్ళు, నీలం అంటే దుకాణాలు, ఊదా అంటే పనిశాలలు. మేడం గౌడవెల్లిలో పుట్టి పెరిగిన మనిషి. రోజూ అక్కడి నుంచే స్కూటీ మీద వచ్చేవారు. ఆమె గదిలో ఒక మంచి కుర్చీ ఉండేది, కానీ దాని మీద ఎప్పుడూ ఫైళ్ళే కూర్చునేవి. ఆమె నిలబడే రాసేవారు, నిలబడే తినేవారు, నిలబడే మమ్మల్ని తిట్టేవారు. ఒకచోట రెండు నిమిషాలు ఆగితే కాళ్ళలో చీమలు పాకినట్టు ఉంటుందని ఆమే చెప్పేవారు. మొదట్లో నాకది చాలా చికాకుగా ఉండేది. నేను కౌకూర్‌లో, పద్ధతిగా గీసిన కాలనీ రోడ్ల మధ్య పెరిగినవాడిని. ప్లానింగ్ డిగ్రీ చేతిలో ఉంది, లాప్‌టాప్‌లో ఉపగ్రహం తీసిన బొమ్మలు ఉన్నాయి. బజారును చూడడానికి బజారుకు ఎందుకు వెళ్ళాలో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ రోజుల్లో మా ఊరి పాత బజారు చచ్చిపోయే స్థితిలో ఉంది. పెద్ద రోడ్డు వెడల్పయ్యాక బట్టల దుకాణాలు, మందుల దుకాణాలు అన్నీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి. చుట్టుపక్కల పొలాలన్నీ లేఅవుట్లయ్యాయి. మధ్యలో పాత బజారు మాత్రం సగం షట్టర్లు దించుకుని ఉండిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. దీపాలు, నడిచే దారులు, మురుగుకాలువలు అన్నీ కొత్తవి వేస్తారు. వాటికంటే ముందు పాత నియమాలు మార్చాలి, గల్లీ గల్లీకి మళ్ళీ రంగు వేయాలి. ఈ రంగుల సంగతి బయటివాళ్ళకు చిన్న విషయంగా కనిపిస్తుంది. కానీ ఒక గల్లీ మీద పసుపు పడిందంటే అక్కడ మిషను పెట్టడానికి లైసెన్సు కొత్తగా రాదు, పాతది తిరగరాయరు, మిషన్లకు కావలసిన కరెంటు కనెక్షను ఇవ్వరు. రెండు మూడేళ్ళలో అక్కడి పని ఆగిపోతుంది.

మేడం నన్ను మొదటిసారి బజారుకు తీసుకెళ్ళినప్పుడు పొద్దున ఏడున్నర అయింది. ఒక పెంకుటింటి ముందు ఇడ్లీ పాత్ర పొగలు కక్కుతోంది, పదిమంది నిలబడి తింటున్నారు.

“గీ ఇంటికి ఏ రంగు ఏస్తవ్ శ్రీకాంత్?” అన్నారు.

“నీలం మేడం. టిఫిన్ సెంటర్ కదా.”

మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్ళీ అక్కడికే తీసుకెళ్ళారు. ఇడ్లీ పాత్ర లేదు. అదే అరుగు మీద రెండు కుట్టుమిషన్లు ఆడుతున్నాయి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ వెళ్ళాం. అరుగు కడిగేసి ఉంది, ఇద్దరు ఆడపిల్లలు హోంవర్క్ రాసుకుంటున్నారు, ఒక ముసలాయన మంచం వాల్చుకుని రేడియో వింటున్నాడు. మేడం నా వైపు తిరిగి కళ్ళెగరేశారు. నాకు ఒళ్ళు మండింది. మూడు పూటలు తిప్పి నాకు పాఠం చెప్పాలా అనుకున్నాను.

“ఒక్కపారి పోయి సూస్తే ఇల్లు నీకు ఒక్క మొకమే సూపిస్తది. మూడు పూటలు పోవాలె. పోలేకపోతే రంగుపెన్సిల్ ముట్టకు” అన్నారు.

ప్రభుత్వం ఇచ్చే సర్వే కాగితంలో ఇంటికి ఒక్క గడే ఉంటుంది, ‘ప్రస్తుత వినియోగం’ అని. మేడం దాన్ని పక్కన పెట్టి స్కేలుతో తానే వేరే కాగితం గీశారు. ప్రతి ఇంటికీ మూడు గళ్ళు: పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. దానికి జిరాక్సులు తీయించి మా చేతికి ఇచ్చారు. ఆ కాగితాన్ని చూసి మేం వెనక చాలా నవ్వుకునేవాళ్ళం. మేడం మన చేత మూడు పూటలా మందు మింగిస్తోందని అనేవాళ్ళం. అలా అన్నది నేనే, దాచడం ఎందుకు.

నాకు ఆరు గల్లీలు అప్పజెప్పారు. ఐదు గల్లీలు నిజంగానే మూడు పూటలా తిరిగాను. తిరిగేసరికి నా ఓపిక, ఇచ్చిన గడువు రెండూ అయిపోవచ్చాయి. చివరగా మిగిలింది వడ్ల గల్లీ. వడ్రంగం చేసేవాళ్ళు తరాలుగా ఉంటున్న గల్లీ అది. పొద్దున పదింటికి వెళ్ళాను. ఆ కొన నుంచి ఈ కొన దాకా రేకుల షెడ్లన్నీ మూసి ఉన్నాయి. ఎక్కడా చప్పుడు లేదు. మేడ మీద గదుల్లో టీవీలు మోగుతున్నాయి, ఆరేసిన చీరలు ఊగుతున్నాయి. ఒక ఇంటి గడపలో కూర్చున్న అవ్వ నన్నూ నా చేతిలోని కాగితాన్నీ చూసి, “గియ్యాల ఎందుకొచ్చినవ్ బిడ్డా? రేపు రారాదు” అంది.

రేపు రమ్మని నాకు చెప్పేవాళ్ళు ఆ నెలలో రోజుకు పదిమంది తగిలారు. ఇంట్లో మగవాళ్ళు లేరని, కాగితాలు దొరకడం లేదని, ఏదో ఒకటి. ఆవిడదీ అదే అనుకున్నాను. “రేపు నాకు వేరే పని ఉందవ్వా” అని గల్లీ చివరిదాకా నడిచి, అక్కడ చెట్టు కింద బండి మీద కూర్చుని రాసేశాను. పొద్దున: మూసి ఉన్నది, పైన నివాసం. మధ్యాహ్నం: మూసి ఉన్నది, పైన నివాసం. సాయంత్రం: మూసి ఉన్నది, పైన నివాసం. నలభై ఇళ్ళ మూడు గళ్ళూ అరగంటలో నిండిపోయాయి. మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను. మర్నాడు మేడం కాగితాలు తిరగేస్తూ, “మూడు పూటలూ పోయినవా?” అని అడిగారు. పోయానన్నాను. నా ముఖంలోకి ఒక్కసారి చూసి సంతకం పెట్టారు. వడ్ల గల్లీ మీద పసుపు రంగు పడింది.

ఇది రాస్తూ మళ్ళీ లేచాను. బీరువా తలుపు తెరిచి మూశాను, ఏమీ తీయలేదు.

కొత్త పటం తయారయ్యాక ప్రజల అభ్యంతరాల కోసం దాన్ని ఆఫీసు గోడకు అంటించాం. మొదటివారం ఎవరూ పట్టించుకోలేదు. రెండోవారం ఒకరోజు వడ్ల గల్లీ వాళ్ళు ఇరవైమంది వచ్చి పటం ముందు నిలబడ్డారు. వాళ్ళలో పెద్దాయన నర్సింహాచారి. చెవి మీద పెన్సిల్, కనుబొమ్మల మీద దుమ్ము. తన గల్లీని వేలితో వెతుక్కుని, ఆ పసుపు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. “గీడ మేం ఉన్నట్టే లేదు గదరా” అని పక్కవాడితో అన్నాడు. నేను పక్కగదిలోంచి విన్నాను. తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి నాకు తెలియదు, అయినా బయటికి రాలేదు.

అభ్యంతరాలు వినే సమావేశం కమిషనర్ ముందు జరిగింది. ముందు వరుసలో జంగారెడ్డి గారు కూర్చున్నారు. చుట్టుపక్కల పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. అప్పట్లో లాల్‌గడి మలక్‌పేట్ వైపు లేఅవుట్లు వేస్తున్నారు. వడ్ల గల్లీ వెనక కూడా ఆయన ప్లాట్లు ఉన్నాయి. చప్పుడు లేని గల్లీ అయితే ఆ ప్లాట్లకు గిరాకీ పెరుగుతుంది. ఆయన మర్యాదగానే మాట్లాడారు. “నాకు ఎవ్వల మీద కోపం లేదు సార్. మీ సర్వేనే సెప్తాంది గదా, షెడ్లు బందై ఉన్నయని. బందైన పనికి ఇగ లైసెన్సు ఎందుకు?” అన్నారు.

కమిషనర్ తల ఊపారు. వడ్ల గల్లీ వాళ్ళు ఒక్కసారిగా లేచి అరవబోతే నర్సింహాచారి చెయ్యెత్తి ఆపాడు.

“సారూ, ఒక్క మాట. మా గల్లికి ఏ దినం వచ్చిండ్రో జర సదువుండ్రి.”

గుమాస్తా నా కాగితం మీది తేదీ చదివాడు. నర్సింహాచారి నడుచుకుంటూ గోడ దగ్గరకు వెళ్ళాడు. అక్కడ ఏదో కిరాణా దుకాణం వాళ్ళు ఇచ్చిన తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. ఒక పేజీ వెనక్కి తిప్పి, ఆ తేదీ గడిలో ఉన్న నల్లటి చుక్క మీద వేలు పెట్టాడు.

“అమాస సారూ. అమాస నాడు మేం ఉలి ముట్టం. మా తాతల సంది గంతే. నెలకు గా ఒక్క దినమే మా గల్లి సప్పుడు లేకుంట ఉంటది. సరిగ్గ గా దినమే జూసి వచ్చిండ్రు.”

హాలంతా నవ్వు లేచింది. జంగారెడ్డి గారు కూడా నవ్వేశారు. అవ్వ మాట నా చెవిలో అప్పుడు మోగింది. గియ్యాల ఎందుకొచ్చినవ్ బిడ్డా. మా ఇంట్లో అమావాస్య అంటే వాకిట్లో ఒక కొబ్బరికాయ కొట్టడం, అంతే. ఆ రోజు పనిముట్లు దించేసే మనుషులు ఉంటారని నాకు ఎవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు. పోనీ, తెలియకపోవడం ఒక తప్పు. మధ్యాహ్నమూ సాయంత్రమూ వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాసింది ఇంకో తప్పు. అది తెలియక చేసింది కాదు.

కమిషనర్ నవ్వలేదు. “ఈ సర్వే ఎవరు చేశారు?” అన్నారు.

లేవాలి అనుకున్నాను. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు, అది పోతే అమ్మకు ఏం చెప్పాలి, అది ఇది అని లోపల లెక్కలు పరిగెత్తుతున్నాయి. అవన్నీ తేలేలోపే గోడవారగా, ఎప్పటిలాగే నిలబడి ఉన్న సరోజన మేడం ఒక అడుగు ముందుకు వేశారు.

“నాది సార్. సంతకం నాది, తప్పు నాదే. ఆ గల్లీ సర్వే రద్దు చేసి మళ్ళీ చేస్తాం. అప్పటిదాకా ఆ రంగు చెల్లదు.”

నేను కూర్చునే ఉన్నాను. అన్నిటికంటే బాగా గుర్తున్నది ఇదే. ఆమె నిలబడ్డారు, నేను కూర్చున్నాను.

మర్నాడు పొద్దున ఆమె నన్ను స్కూటీ వెనక ఎక్కించుకుని వడ్ల గల్లీకి తీసుకెళ్ళారు. గల్లీ మొగదలలోనే చిత్రిక పట్టే మిషన్ల మోత చెవులు పగలగొట్టింది. ప్రతి షెడ్డూ తెరిచి ఉంది. గడపలు, తలుపులు, మంచాల కోళ్ళు, సగం అయిన బల్లలు దారి మీదికి వచ్చేశాయి. పొట్టు పాదాలు మునిగేంత ఉంది. ఆ అవ్వ అదే గడపలో కూర్చుని నన్ను చూసి, “ఇయ్యాల మంచిగొచ్చినవ్” అంది. నర్సింహాచారి చాయ్ తెప్పించాడు. నాకు కూర్చోమని ఒక చెక్క చూపించాడు. కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం, సాయంత్రం మళ్ళీ. సాయంత్రానికి మిషన్లు ఆగి, అవే షెడ్లలో పిల్లలు ఆడుకుంటున్నారు, పైన వంటల వాసన వస్తోంది. మేడం మూడు గళ్ళూ నా చేతే రాయించారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె వెనక కూర్చుని ఎలాగో అన్నాను. “మేడం, నిన్న నేను లేచి చెప్పాల్సింది.”

“సెప్పాల్సిందే” అన్నారు, వెనక్కి తిరగకుండా. “అయితే నువ్వు సెప్తే, కొత్త పోరడు ఏందో జేసిండని నిన్ను ఇంటికి పంపి పటం గట్లనే ఉంచేటోళ్లు. నా పేరు మీద తప్పంటే ఆఫీసు తప్పు. మల్ల సర్వే జేయక తప్పదు. గల్లీ బతకాల్నా, నీ మనసు సల్లబడాల్నా?”

కొంతదూరం పోయాక మళ్ళీ ఆమే అన్నారు. “అమాస సంగతి నేనుగూడ సూడలే, అది నాకూ తగుల్తది. నాకు కోపం దాని మీద గాదు. పోకుంటనే మూడు గళ్లు నింపినవ్ సూడు, గందుకు. నేను అడిగిన్నాడు నీ మొకం సూస్తెనే నాకు తెలిసింది. అయినా సంతకం జేసిన. ఇగ ఊకో.”

ఊరుకున్నాను. అదే నేను చేసిన మూడో తప్పు. వడ్ల గల్లీ మిశ్రమ ప్రాంతమైంది: కింద పని, పైన ఇళ్ళు, మిషన్లకు పగటివేళ మాత్రమే అనుమతి. ఆ తరువాత పాత బజారు మెల్లగా తేరుకుంది. కొత్త ఇళ్ళవాళ్ళు తలుపులకూ బీరువాలకూ అక్కడికే వస్తారు, వాళ్ళ వెంట చాయ్ దుకాణాలు, హార్డ్‌వేర్ దుకాణాలు వచ్చాయి. మేడంకు మాత్రం తప్పు సర్వే మీద సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. ఆమెకు రావలసిన ప్రమోషన్ ఆ మెమో వల్ల ఆగింది, ఆగింది మళ్ళీ కదల్లేదు. అదే గదిలో, అదే కుర్చీ పక్కన నిలబడి రిటైరయ్యారు. నేను ఎదిగాను. ఇప్పుడు ఆ గది నాది.

రిటైరయ్యాక ఒకసారి గౌడవెల్లి వెళ్ళాను. అప్పటికే ఆరోగ్యం బాగాలేదు, డాక్టరు నడవవద్దన్నాడట. ఆమె వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తూనే నాతో మాట్లాడారు. ఆమె వెనకే నేనూ నడిచాను. “మూడు పూటలూ పోతున్నవా?” అని అడిగారు. పోతున్నానన్నాను, ఈసారి నిజమే. ఆగి నా ముఖంలోకి చూసి నవ్వారు. ఆ మెమో గురించి మాట్లాడాలని వెళ్ళినవాడిని, ఆ నవ్వు చూసి మానేశాను. మళ్ళీ వస్తానులే అనుకున్నాను. మళ్ళీ వెళ్ళింది ఆమె పోయిన రోజే. ఆ వాకిట్లో ఆమెను పడుకోబెట్టారు. ఆమె కదలకుండా ఉండడం నేను చూసింది అదొక్కసారే. చూడలేక బయటికి వచ్చి రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. ఇంతవరకు ఎవరికోసమూ అంత ఏడవలేదు.

ఇప్పుడు బజారు నియమాలు మళ్ళీ మారుస్తున్నారు. బయటి నుంచి వచ్చిన కన్సల్టెంట్లు పాత ఫైళ్ళు చదివి నోట్ తయారు చేశారు. తెలివైనవాళ్ళే, కానీ గల్లీకి రాలేదు. వడ్ల గల్లీకి రెండు సర్వేలు ఉన్నాయని, ఒకటి మూసి ఉందంటే ఇంకోటి నడుస్తోందంటోందని కనిపెట్టారు. అప్పటి అధికారిణి సరోజన గారి నిర్లక్ష్యం వల్ల రికార్డు నమ్మదగినదిగా లేదని, కాబట్టి ఆ గల్లీని తిరిగి నివాస ప్రాంతంగా పరిగణించవచ్చని రాశారు. నా సంతకానికి కింద చోటు వదిలారు. నర్సింహాచారి ఇప్పుడు లేడు, కొడుకులు ఇద్దరు అదే షెడ్డులో ఉన్నారు. ఈ బీరువా చేసింది వాళ్ళే. నిన్న దింపడానికి వచ్చి, “సార్, మా గల్లికేం గాదు గదా?” అని పెద్దవాడు అడిగాడు. ఏం కాదన్నాను. మూడు గళ్ళు నింపిన మర్నాడు మేడం అడిగితే, పోయానని కూడా ఇంతే తేలిగ్గా అన్నాను.

ఆ మాట అప్పటి నుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు. ఇందాక బీరువాలోంచి ఆ పాత ఫైలు తీశాను. నా అక్షరాలే, బండి మీద పెట్టుకుని రాసినందుకు వంకరగా ఉన్నాయి. ఆమె సంతకం నిటారుగా ఉంది. నాకు ఇంకా ఎనిమిదేళ్ళ సర్వీసు ఉంది, ఇది రాస్తే విచారణ జరుగుతుందనీ తెలుసు. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. ఈసారి ముందే చెప్పాను. కుర్చీ వెనక్కి నెట్టి, లేచి నిలబడి, నోట్‌లో ఆమె పేరున్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. దాని పైన రాశాను:

‘ఈ గల్లీ మొదటి సర్వే చేసినది నేను. ఒక్క పూటే వెళ్ళి మూడు పూటలు వెళ్ళినట్టు రాశాను. ఆ రోజు అమావాస్య. రెండో సర్వే నిజమైనది. అప్పటి అధికారిణి ఆ రోజు నా తప్పును తన పేరు మీద వేసుకున్నారు. దానిని ఇప్పుడు తిరిగి తీసుకుంటున్నాను.’

కింద సంతకం పెట్టాను. నిలబడే పెట్టాను.